టీవీలకు బొట్టు పెట్టినాయన

మొన్న దసరాకు మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. ఆయుధపూజ రోజు పొద్దున్నే మావారు తలస్నానం చేసి, పసుపు కుంకుమ గిన్నెలు పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ స్కూటరుకు, మిక్సీకి, వాషింగ్ మెషిన్‌కు బొట్లు పెట్టుకుంటూ వచ్చారు. మెట్ల కింద ఒక పాత టీవీ ఉంది. వెనక వీపు పొడుచుకొచ్చిన డబ్బా టీవీ. పనిచెయ్యదు. దాని గాజు మీద అప్పటికే ఎర్ర పెయింటుతో పెట్టిన బొట్టు ఒకటుంది. దాని మీదే మళ్లీ కుంకుమ అద్దబోతుంటే నేను పరుగెత్తుకెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"దానికి పెట్టకండి."

"పండగపూట ఇదేం చాదస్తమే?"

"చాదస్తం ఎవరిదో తర్వాత తేల్చుకుందాం. దానికి మాత్రం పెట్టకండి."

గిన్నె జారి కుంకుమ నేలపాలయింది. పండగపూట కుంకుమ ఒలికించానని మా అత్తగారు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నేను మెట్ల మీద కూర్చుని, ఆ పెయింటు బొట్టు పెట్టినాయన్ని తలుచుకుంటూ ఉండిపోయాను. ఆయన పోయి ఏడాది దాటింది.

ఊళ్లో అందరూ ఆయన్ని టీవీలాయన అనేవాళ్లు. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లే దారిలో, రోడ్డుకు రెండు పక్కలా పత్తి, మిరప తప్ప మరేమీ కనిపించని ఊరది. అక్కడి హైస్కూల్లో నేను ఆరేళ్లు సైన్సు చెప్పాను. సాయంత్రం బస్సు కోసం కాలువ వంతెన మీద నిలబడేదాన్ని. ఆయన పాత సైకిలు మీద ఎటో వెళ్తూ, నన్ను చూసి ఆగేవాడు. సైకిలు దిగగానే ఎడమ చెయ్యి వీపు వెనక్కి వెళ్లిపోయేది.

ఆ ఎడమ చెయ్యి గురించి చెప్పాలి. కరెంటు ఉన్న టీవీ విప్పి లోపల చెయ్యి పెట్టేటప్పుడు రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోవాలట. రెండు చేతులూ లోపల పెడితే షాకు కొట్టినప్పుడు కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గుండె మీదుగా పోతుంది. పద్దెనిమిదేళ్ల వయసులో పేటలోని కొట్లో పని నేర్పినాయన మొట్టికాయలు వేసి మరీ అలవాటు చేశాడట. ఆ అలవాటు ఇక వదల్లేదు. పెళ్లిభోజనంలో కూర్చున్నా ఎడమ చెయ్యి వీపు మీదే. ఓటు వెయ్యడానికి వరసలో నిలబడ్డా అంతే. "ఇప్పుడేం షాకు కొడుతుందని?" అని నేను ఎగతాళి చేస్తే, "ఏమో టీచరమ్మా, దేంట్లో కరెంటుందో పైకి తెలవదుగా" అనేవాడు.

ఇంకో అలవాటు. టీవీ పోయింది, చచ్చింది అంటే ఒప్పుకునేవాడు కాదు. ఎవరైనా టీవీ నెత్తిన పెట్టుకుని వచ్చి "పోయింది బాబాయ్" అంటే వెంటనే దిద్దేవాడు. "పోలా. పని మానుకుంది. పోయిందైతే దానివల్ల మనకి బాధ లేదు. పని మానుకున్నోడే ఇంట్లో కూర్చుని పీక్కుతింటాడు."

నవ్వుతూనే అనేవాడు గానీ ఆయన మనసులో ఉన్న అసలు భయం అదే. పాడైన టీవీ, పాడైన బ్యాటరీ, పాడైన సెల్‌ఫోను, మాడిపోయిన బల్బు పని మానేశాకే మనుషుల్ని పీక్కుతినడం మొదలుపెడతాయని. పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. పురుగుమందు కొట్టే పంపుల్లో ఉండే చిన్న బ్యాటరీల్లో సీసం ఉంటుంది. ఆ విషయం నాకూ తెలుసు. తెలిసి ఏం చేశానంటే, పదో తరగతి పిల్లలతో బోర్డు మీద రాయించి, పరీక్షలో అడిగాను.

ఆయనతో నా మొదటి పరిచయం తిట్లతోనే. మా స్కూల్లో కంప్యూటర్ల గది అని ఒకటుండేది. కంప్యూటర్లు ఎప్పుడో పని మానుకున్నాయి. గది ఖాళీగా ఎందుకని మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు అందులో వేయించాం. ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఆయన ఆ గదిలోకి తొంగి చూసి, తిన్నగా నా క్లాసుకు వచ్చాడు. పిల్లలంతా చూస్తుండగా తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సైన్సు టీచరు మీరేనా?"

"నేనే. ఏం కావాలి?"

"యాసిడ్ కారే బ్యాటరీ పక్కన బియ్యం బస్తా పెట్టారేందమ్మా? ఆ బియ్యమేగా ఈళ్లు తినేది?"

నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లల ముందు ఒక ఫ్యాన్ల మెకానిక్కు నన్ను నిలదీయడమేమిటని ఒళ్లు మండింది కూడా. వెళ్లి చూస్తే యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బి, పగిలి, కింద తెల్లగా పేరుకుని ఉంది. దానికి జానెడు దూరంలో బియ్యం బస్తా అడుగు తడిసి ఉంది. ఆ బస్తా పారబోయించాం. అంతకుముందు ఎన్ని బస్తాలు అలా తడిశాయో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం వంతెన మీద ఆయనే వచ్చి, "సీసం గురించి మీ పుస్తకంలో ఏం రాశారు టీచరమ్మా?" అని అడిగాడు.

"మెత్తటి లోహం. బరువైనది. తక్కువ వేడికే కరుగుతుంది" అన్నాను.

"పిల్లకాయల సంగతేం రాయలా?"

రాశారు. పాఠం చివర, చిన్న అక్షరాల్లో, పరీక్షకు రాని భాగంలో. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు సిగ్గేసింది.

ఆ రోజు నుంచి స్నేహం. స్కూలు కంప్యూటర్లు, బ్యాటరీలు ఆయనే తీసుకెళ్లి తన బ్యారన్‌లో పెట్టుకున్నాడు. బ్యారన్ అంటే ఒకప్పుడు పొగాకు కాల్చడానికి కట్టిన ఎత్తైన గది. వాళ్ల అన్న పొగాకు మానేసి మిరప వేశాక అది ఖాళీ అయింది. నల్లగా పొగచూరిన గోడల మధ్య, నేల మీంచి పైదాకా కర్రల మీద టీవీలు, కంప్యూటర్లు, స్టెబిలైజర్లు, పంపుల బ్యాటరీలు, సెల్‌ఫోన్ల మూటలు. ఒక్కోదాన్నీ తుడిచి, గోనెపట్టా కప్పి, తడి తగలకుండా పెట్టేవాడు. బాగుచేయగలిగినవి బాగుచేసి ఇచ్చేసేవాడు. మిగిలినవి దాచేవాడు. ఎన్నాళ్లు దాస్తారని అడిగితే, "సరిగ్గా విప్పేవోడు వచ్చిందాకా" అనేవాడు.

సరిగ్గా విప్పడం అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పాడు. ఆ పని చేసే కార్ఖానాలు ఎక్కడో ఉన్నాయట. గాజు వేరు, రాగి వేరు, సీసం వేరు చేసి, మట్టిలోకి నీళ్లలోకి పోనీయకుండా మళ్లీ వాడుకుంటారట. మా ఊళ్లకు మాత్రం వచ్చేది మైకు పెట్టుకున్న ఆటో. "పాత టీవీలు, పాత సెల్‌ఫోన్లు, పాడైన పంపులు ఇవ్వండి, ఉల్లిపాయలు తీసుకోండి" అని అరుచుకుంటూ వస్తారు. ఆడవాళ్లు చేటలు పట్టుకుని బయటికొస్తారు. టీవీ ఇచ్చిన ఇంటికి చేటెడు ఉల్లిపాయలు. ఆటోవాళ్లు ఊరు దాటగానే రాయి పెట్టి ట్యూబు మెడ విరగ్గొట్టి, రాగి చుట్ట తీసుకుని, గాజు వాగులో పారేస్తారు. వైర్లు చేలగట్ల మీద తగలబెడతారు. ఆ పొగ పక్క కళ్లంలో ఎండబోసిన మిరపకాయల మీద వాలుతుంది.

బొట్టు సంగతి ఈ ఉల్లిపాయల దగ్గరే మొదలైంది. ఒక దసరాకు ఆయన భార్య సరదాకొద్దీ బ్యారన్ గుమ్మం దగ్గరున్న టీవీకి కుంకుమ బొట్టు పెట్టిందట. నెల తిరక్కుండానే, ఇంట్లో ఉల్లిపాయలు లేవని అదే టీవీని ఆటోవాడికి ఎత్తించబోయింది. వాడు చెయ్యి వేసి, బొట్టు చూసి, చెయ్యి తీసేశాడు. "పూజ చేసిందాన్ని పగలగొడితే మాకు మంచిది కాదమ్మా. వేరేది ఉంటే ఇవ్వండి" అన్నాడట.

ఈ మాట విని ఆయన ఆ రాత్రంతా నిద్రపోలేదని చెప్పాడు. ఆనందంతో. మర్నాడు పేట వెళ్లి ట్రాక్టర్లకు వేసే ఎర్ర పెయింటు డబ్బా తెచ్చాడు. కుంకుమ గాజు మీద నిలవదు, ఇది చెరగదు. ఇక బ్యారన్‌లోకి ఏది వచ్చినా, తుడిచాక, కుడిచేతి చిటికెనవేలు పెయింటులో ముంచి గుండ్రంగా ఒక బొట్టు. ఎడమ చెయ్యి మామూలుగానే వెనక.

"దేవుణ్ణి నమ్మరుగా మీరు?" అన్నాను ఒకసారి.

"నేను నమ్మనమ్మా. ఆళ్లు నమ్ముతారు. మనోళ్లు సీసానికి భయపడరు టీచరమ్మా. కుంకానికి భయపడతారు. అందుకే అదే తాళం ఏశా."

నేను ఎంత మురిసిపోయానో! ఇంత తెలివైన మాట ఏ పుస్తకంలోనూ చదవలేదనుకున్నాను. స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను. మా ఇంటి టీవీ పని మానుకుంటే బస్సు మీద వేసుకుని తీసుకెళ్లి, నా కళ్ల ముందే దానికి బొట్టు పెట్టించుకున్నాను.

ఇంత పట్టుదల ఎందుకని అడిగితే చాలాకాలం చెప్పలేదు. ఒక సాయంత్రం బస్సు ఆలస్యమైంది. కాలువకు నీళ్లు వదిలిన రోజులు. వంతెన కింద ఎర్రగా సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. ఆ సాగర్ నీళ్లతోనే ఊరి మంచినీళ్ల చెరువు నింపుతారు. వంతెనకు నాలుగు బారల దూరంలోనే చెరువు నింపే తూము. ఆయన ఆ తూము వైపు చూస్తూ చెప్పాడు.

పని కొత్తలో ఒక బ్యాటరీ పగలగొట్టి చూసి, పలకలు చేనిగట్టు మీద పారేశాడట. వాళ్ల అన్న గేదె మేతకు వెళ్లి ఆ పలకలు నాకింది. రెండోరోజుకు దానికి కళ్లు కనపడలేదు. గోడకు తల కొట్టుకుంటూ, పళ్లు కొరుకుతూ, వణుకుతూ మూడోరోజు పోయింది. ఊరంతా దిష్టి తగిలిందన్నారు. వాళ్ల వదిన ఎవరో చేతబడి చేశారని శాపనార్థాలు పెట్టింది.

"నేను పారేసిందే అని ఇయ్యాళ్టిదాకా ఎవరికీ చెప్పలా. మా ఇంటిదానిక్కూడా. మీకే చెబుతున్నా" అన్నాడు. "గేదె కాబట్టి మూడురోజుల్లో తెలిసింది. ఈ నీళ్లలో పడిందనుకోండి, పిల్లకాయలకి ఎప్పటికి తెలిసిద్ది? చదువు రావట్లేదని మీరు కొడతా ఉంటారు. అంతేగా తెలిసేది" అన్నాడు.

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక, ఆ రోజు పాఠం అప్పజెప్పలేకపోయాడని నేను చెవి మెలిపెట్టిన పిల్లవాడు గుర్తొచ్చాడు.

ఆయనకు మేలు చేద్దామని నేను చేసిన పని ఒకటుంది. అదీ చెప్పాలి. హైవే మీది ఒక టౌనులో ఎవరో సంస్థవాళ్లు పాత ఎలక్ట్రానిక్ సామాన్లు సేకరిస్తున్నారని, అన్నిటినీ సరైన కార్ఖానాకు పంపుతారని వాట్సాప్‌లో వచ్చింది. ఆయన నమ్మలేదు. నేనే వారం రోజులు వెంటపడి ఒప్పించాను. ట్రాలీ ఆటో నిండా టీవీలు వేసుకుని ఇద్దరం వెళ్లాం. షామియానా, బ్యానరు, మైకు. ఆయనకు శాలువా కప్పారు. ఒక వేపమొక్క, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఫోటో తీసేటప్పుడు "చెయ్యి ముందుకు పెట్టండి సార్" అంటే, ఆయన పెట్టలేదు. కానీ ఆ రోజు తిరుగుదారిలో ఆయన సంతోషం చూడాలి. ఖాళీ ట్రాలీలో నిలబడి, గాలికి శాలువా ఎగురుతుంటే, పెళ్లికొడుకులా ఉన్నాడు.

నెల తర్వాత చుట్టాలింట్లో శుభకార్యానికి మార్టూరు వైపు వెళ్లాడు. మర్నాడు స్కూలు గంట కొట్టకముందే వచ్చి, నా బల్ల మీద ఒక గాజుపెంకు పెట్టాడు. అరచెయ్యంత ఉంది. దాని మీద ఎర్ర బొట్టు.

గ్రానైట్ పాలిష్ యూనిట్ల వెనక, తెల్లటి రాతిబురద పారబోసే చోట పొగ వస్తుంటే అనుమానమొచ్చి వెళ్లి చూశాడట. ఆయన టీవీలే. బొట్లను బట్టి పోల్చుకున్నాడు. సగం పగిలిపోయాయి. మిగిలిన సగం, సంస్థవాళ్ల దగ్గర కొన్న తుక్కువాళ్లను బతిమాలి, తన టీవీలను తానే కొనుక్కుని, వెనక్కి తెచ్చుకున్నాడు.

"మరి బొట్టు చూసి భయపడలేదా వాళ్లు?" అన్నాను.

"పెట్టిందెవరో తెలవదుగా. ఊరు దాటితే తాళం పనిచెయ్యదు" అన్నాడు. తర్వాత, "సర్టిఫికెట్టు మీ దగ్గరుంచండి టీచరమ్మా. నాకెందుకు" అని అది కూడా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఒక్క మాట కూడా నన్ను తిట్టలేదు. మొదటిరోజు క్లాసులో తిట్టినట్టు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత వీటిని సరైన కార్ఖానాకు పంపమని ప్రభుత్వానికి అర్జీలు పెట్టాం. నేను రాసేదాన్ని, ఆయన సంతకం పెట్టేవాడు. ప్రతి అర్జీకీ ఆయన ఫోనుకు ఒక మెసేజి వచ్చేది, మీ సమస్య పరిష్కరించబడినది అని. దాన్ని నాతో చదివించుకుని, బ్యారన్ వైపు ఒకసారి చూసి, "అయితే అన్నీ పోయినట్టేనా?" అని నవ్వేవాడు. చివరి రోజుల్లో ఆ నవ్వు కూడా మానుకున్నాడు.

నాకు మంగళగిరి వైపు బదిలీ అయింది. వెళ్లేముందు కనపడటానికి పోతే బ్యారన్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మనిషి బాగా చిక్కాడు. "నా తర్వాత వీటికి మీరే దిక్కు చూడాల" అన్నాడు. "చూస్తాలెండి, మీకేం కాదు" అన్నాను. బస్సెక్కబోతూ చెప్పే మాటంత తేలిగ్గా చెప్పాను.

రెండేళ్లకు ఎండాకాలంలో, మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. నేను వెళ్లేసరికి వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. రెండు చేతులూ గుండెల మీద పెట్టి కట్టారు. ఎడమ చెయ్యి అంతసేపు కళ్లెదుట ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో వేరే మనిషిలా ఉన్నాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

పెదకర్మ రోజు ఆయన భార్య నన్ను పక్కకు పిలిచింది. చదువుకోలేదు గానీ మాట మీద నిలబడే మనిషి. "బ్యారన్ మా బావగారిది టీచరమ్మా. ఈయనున్నాడని ఊరుకున్నాడు. మిరపకాయ బస్తాలు పెట్టుకోవాలంటన్నాడు. ఆ సామానంతా ఏం చెయ్యమంటారు?"

బస్సు టైమైపోతోంది. నేను గబగబా చెప్పాను. "ఆటోవాళ్లకు మాత్రం ఇవ్వకండమ్మా. ఆయన బొట్టు పెట్టుకున్నవి అవి. పగలనివ్వకండి. సెలవుల్లో వచ్చి నేను చూస్తాను."

సెలవుల్లో శిక్షణ తరగతులన్నారు. తర్వాత మా అత్తగారికి మోకాలి ఆపరేషన్. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ అదే చెప్పాను. "ఇవ్వకండి, వస్తాను." రెండోసారి ఆమె, "శుక్రవారం శుక్రవారం బ్యారన్‌లో దీపం పెడతన్నానమ్మా. అన్నిటికీ ఆయన చేతి బొట్టేగా. చూస్తే ఆయన్ని చూసినట్టుంటంది" అంది. "మంచిపని చేస్తున్నారమ్మా" అన్నాను. మంచిపనే అనుకున్నాను. సీసం గురించి ఒక్క ముక్క ఆ ఇల్లాలికి చెప్పాలని నాకు తోచలేదు. ఆయనా చెప్పలేదు. గేదె సంగతి దాచాలంటే సీసం సంగతీ దాచాల్సి వచ్చిందేమో.

శ్రావణమాసంలో మూడోసారి ఫోన్ వచ్చింది. గొంతు తేలిగ్గా, తృప్తిగా ఉంది.

"టీచరమ్మా, మీరు చెప్పినట్టే చేశా. ఒక్కటంటే ఒక్కటి ఆళ్లకి ఇయ్యలా. బావగారు తొందరపెట్టాడు, ఆటో పిలుస్తానన్నాడు. నేను ఒప్పుకోలా. పాతబడ్డ దేవుడి పటాలైనా మనం పారెయ్యంగా, పారే నీళ్లలో కలుపుతాం. కాలవకి నీళ్లు వదిలిన రోజు చూసి, పసుపునీళ్లు చల్లి, కర్పూరం ఇచ్చి, రెండు ట్రాక్టర్ల మీద తీసుకుపోయి అన్నీ గంగమ్మలో కలిపేశాం. ఊళ్లో ఆడోళ్లంతా వచ్చారు. ఆయనకే మళ్లీ చేసినట్టు చేశామమ్మా."

"ఎక్కడ?" అన్నాను.

"వంతెన కాడే."

తర్వాతి ఆదివారం వెళ్లాను. వంతులవారీగా నీళ్లు వదిలే కాలువ కావడంతో ఆ వారం నీళ్లు తగ్గించారు. వంతెన మీంచి చూస్తే అంతా కనిపించింది. టీవీలు బోర్లా, వెల్లకిలా బురదలో కూరుకుపోయి ఉన్నాయి. చాలావాటికి మెడలు విరిగిపోయాయి. మైకు ఆటోవాళ్లు దిగి రాగి చుట్టలు ఊడబీక్కుని పోయారట. గంగలో కలిపాక ఇక ఎవరి సొత్తూ కాదు కాబట్టి వాళ్లకు భయం లేకపోయింది. బ్యాటరీ డబ్బాలు పగలగొట్టి వదిలేశారు. మిగిలిన గాజు మీద ఎర్ర బొట్లు చెక్కు చెదరలేదు. వాటిని తాకుతూ సన్నటి ధార తూములోకి వెళుతోంది.

పంచాయతీ ఆఫీసుకు వెళ్లి చెప్పాను. అక్కడున్నాయన మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "ఎండాకాలం కాలవ కట్టేశాక తీయిద్దాం మేడం. ఇప్పుడు తీస్తే ఆడవాళ్లు ఊరుకోరు, పూజ చేసి వేశారు కదా" అన్నాడు. అర్జీ రాసిచ్చాను. దార్లోనే ఫోనుకు మెసేజి వచ్చింది. చదవలేదు.

ఆయన ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే ఆమె ముఖం వికసించింది. మంచం వాల్చింది. నోరు తెరిచి చెబుదామనే వెళ్లాను. ఆ ముఖం చూశాక చెప్పలేకపోయాను. చెబితే ఏమవుతుంది? ఆమెకు ఆయన మిగిల్చింది ఆ తృప్తి ఒక్కటే. అది కూడా లాగేసుకుని నేను బస్సెక్కాలి.

"ఆయన సంతోషిస్తాడు కదమ్మా?" అని అడిగింది.

"సంతోషిస్తారమ్మా" అన్నాను.

లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. చెరువు నీళ్లు. ఎండన పడి వచ్చారు తాగండని చేతికిచ్చింది. ఊరంతా తాగే నీళ్లు, నా దగ్గర చదివిన పిల్లలంతా తాగే నీళ్లు. ఆమె చూస్తూ నిలబడింది. గ్లాసు దించకుండా మొత్తం తాగాను.

తర్వాత ఆమె ఇంట్లోంచి బరువుగా ఒకటి మోసుకొచ్చింది. మా టీవీ. బొట్టు పక్కన ఒక చామంతి పువ్వు అతికించి ఉంది. "మీదని ఇది మాత్రం పక్కన పెట్టానమ్మా. మీ చేతుల మీదుగా మీరే గంగలో కలుపుకుంటారని" అంది.

ఆటో పిలిచి టీవీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ బరువుకు మోకాళ్లు నొప్పి పుట్టాయి. దీన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు, అందుకే మెట్ల కింద ఉంది. వంతెన మీదికి రాగానే ఆటో నెమ్మదించింది. డ్రైవరు వెనక్కి తిరిగి, టీవీ వైపు చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"బొట్టు పెట్టిందిగా అమ్మా, ఇక్కడే కాలవలో కలుపుతారా? ఆపమంటారా?"

అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆపమనాలనిపించింది. బరువు దిగిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు. పైగా దణ్ణం కూడా పెడతారు.

"వద్దు, పోనీ బాబూ" అన్నాను.

అతను నొచ్చుకున్నట్టు తల తిప్పుకుని, కాలువకు ఒక దణ్ణం పెట్టుకుని, ఆటో ముందుకు పోనిచ్చాడు.